పదవి తీసుకోనా, రాస్తూ ఉండిపోనా?

ఈ వారం ఉత్తరం రాసినాయన కోస్తాలో ఒక దినపత్రికకు వారం వారం రాజకీయ కాలమ్ రాస్తారు. చాలా పెద్ద ఉత్తరం. పేరు, ఊరు, పత్రిక, పార్టీ ఏదీ బయటపడకూడదని కోరారు. అందుకని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేసి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆయనకు యాభై నాలుగేళ్లు. మండల కేంద్రంలో కంట్రిబ్యూటర్‌గా, లైన్ అకౌంట్ డబ్బులతో (అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చేవి) మొదలుపెట్టి, వార్తలు దిద్దే డెస్కులో చేరి, తర్వాత జిల్లా బ్యూరోలో పనిచేశారు. పదేళ్ల కిందట ఉద్యోగం మానేసి కాలమిస్టుగా స్థిరపడ్డారు. ఇప్పుడాయన పత్రికలో ఉద్యోగి కాదు, వ్యాసానికి ఇంత అని పారితోషికం. ఒక కాలేజీలో జర్నలిజం పాఠాలు చెబితే మరికొంత వస్తుంది. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. ఫ్లాటు మీద లోను ఉంది. అమ్మాయి బీటెక్ చివరి ఏడాదిలో ఉంది, అమెరికాలో ఎంఎస్ చేస్తానంటోంది.

ఏడాదిగా డెస్కు ఆయన వ్యాసాలకు కత్తెర వేస్తోంది. ఒక ఎత్తిపోతల పథకం గురించి "అంచనా రెండుసార్లు పెంచారు; పెంచిన రెండుసార్లూ గడువు మారింది గానీ కాంట్రాక్టరు మారలేదు" అని రాస్తే, అచ్చులో అది "అంచనా రెండుసార్లు పెంచారు" దగ్గర ఆగిపోయింది. మర్నాడు అధికార పార్టీవాళ్లు ఫోన్ చేసి, నిధులు పెంచిన సంగతి బాగా రాశారని మెచ్చుకున్నారట. ఆ తర్వాత కొద్ది వారాలకే ఒక కాలమ్ మొత్తం ఆగిపోయింది. "ఈ వారం స్థలం లేదండీ" అన్నారు. ఆ స్థలంలో చిరుధాన్యాల ప్రయోజనాల మీద వ్యాసం వచ్చింది.

ఇంతలో చిన్ననాటి స్నేహితుడు ఇంటికొచ్చాడు. ఆ స్నేహితుడు ఇప్పుడు ఎమ్మెల్యే, పైవాళ్లకు బాగా దగ్గర. ప్రభుత్వంలో సలహాదారు పదవి సిద్ధంగా ఉందన్నాడు. జీతం, కారు, ఆఫీసు, రెండేళ్లు. "ఇన్నేళ్లు బయట నిలబడి తిట్టావు, లోపలికొచ్చి బాగుచెయ్యరా" అన్నాడు. ఒకప్పుడు ఈయన తండ్రి ఆస్పత్రిలో ఉంటే అర్ధరాత్రి డబ్బు తెచ్చి కట్టింది ఈ స్నేహితుడే. ఈ సంగతి చెప్పిన పేరాలోనే ఒక వాక్యం ఉంది: "వాడి నియోజకవర్గంలో ఇసుక గురించి నేనెప్పుడూ రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు."

పాత సహోద్యోగి ఒకాయన ఇద్దరం కలిసి యూట్యూబ్ ఛానెల్ పెడదాం రమ్మంటున్నాడు. అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెడితే కింద "మీ నాన్న ప్యాకేజీ ఎంత?" అని కామెంట్లు వస్తున్నాయి. ఒక వారం ఒక పార్టీవాళ్లు, మరో వారం ఇంకో పార్టీవాళ్లు. కొన్ని మరీ అసహ్యంగా ఉన్నాయి. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో తండ్రి పేరు చెప్పడం మానేసింది. భార్య ఒక రాత్రి "ఇన్నేళ్లుగా రాస్తున్నారు, ఏం మారిందండీ?" అని అడిగారట. జవాబు తోచలేదంటున్నారు.

"పదవి తీసుకుంటే అమ్ముడుపోయాడంటారు. తీసుకోకపోతే కాలమ్ ఎలాగూ ఎక్కువ రోజులు నిలవదు. ఛానెల్ పెట్టే ధైర్యం లేదు. కక్కలేక మింగలేక ఉన్నాను. ఏం చెయ్యమంటారు?" అని ముగించారు.

అయ్యా,

ముందు మీ అమ్మాయి సంగతి చూడండి. మిగతావాటికి కొన్నాళ్లు ఆలోచించుకునే టైముంది, దీనికి లేదు. ఆ కామెంట్లు చెరిపెయ్యకముందే తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయించండి. అసభ్యంగా ఉన్నవీ బెదిరింపులున్నవీ వేరు చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మహిళల మీద జరిగే వేధింపులకు అందులో వేరే విభాగం ఉంది. జిల్లా సైబర్ పోలీసులకు కాగితం మీద కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. మీరు విలేకరి కాబట్టి ఎస్పీకి ఒక ఫోన్ కొడితే పనైపోతుందని అనిపించవచ్చు. అలా చెయ్యకండి. రేపు ఆయన శాఖ గురించి రాయాల్సొస్తే ఆ ఫోన్ అడ్డం వస్తుంది. ఒక తండ్రిగా ఫిర్యాదు చెయ్యండి.

మీ నిర్ణయం ఏదైనా సరే, అందరికన్నా ముందు ఆ పిల్లకు చెప్పండి. మీ రాతల గురించి ఆమెకు తెలుస్తున్నదంతా ఆ కామెంట్ల నుంచే. మీరు ఎవరి మీద ఎందుకు రాస్తున్నారో, పారితోషికం నిజంగా ఎంత వస్తుందో మీ నోటితో ఎప్పుడైనా చెప్పారా? ఎంత వస్తుందో తెలిస్తే "ప్యాకేజీ" అన్న మాట ఆమెను ఇంతగా బాధపెట్టదు.

ఇక మీ రాత సంగతి. నేను ఎడిట్ పేజీ డెస్కులో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని. కాలమిస్టుల బాధ అటువైపు నుంచి చూశాను. మీ ఉత్తరంలో పత్రిక కొట్టేసిన ఒక్క వాక్యం గురించి ఒక పేజీ ఉంది. ఇసుక గురించి ఒక్క వాక్యమే ఉంది. నాకు ఈ రెండోదే బరువుగా కనిపించింది. డెస్కు మీ వాక్యంలో సగం తీసేసింది. మీరు ఒక నియోజకవర్గాన్నే వదిలేశారు. అవసరం రాలేదంటున్నారు. మీరు రాసే జిల్లాల్లో ఇసుక గురించి రాయాల్సిన అవసరం రాని ఏడాది ఉందా? మిమ్మల్ని నిందించడానికి అడగడం లేదు. తండ్రి మంచం పక్కన నిలబడి డబ్బు కట్టిన మనిషి మీద రాయలేకపోవడం తప్పని నేను అనలేను. కానీ ఆ సంగతి మీ పాఠకుడికి తెలియదు. తెలియకుండానే మీ మాట నమ్ముతున్నాడు. మీ చిక్కు మొత్తం అక్కడుంది.

రాజకీయ కాలమ్ రాసేవాళ్లకు ఉన్న ఆస్తి ఒక్కటే. ఈ అభిప్రాయం ఈయన సొంతం, దీని వెనక ఎవరూ లేరు అన్న నమ్మకం. తెలివితేటలు, పరిచయాలు, శైలి చాలామందికి ఉంటాయి. కాబట్టి మీ ముందున్న దారుల్లో ఒక్కోదాన్ని ఈ ఒక్క ప్రశ్నతో చూడమంటాను: ఈ పని చేస్తే ఆ సంగతి నా కాలమ్‌లో నేనే పాఠకులకు చెప్పగలనా?

పదవితో మొదలుపెడదాం. తీసుకోవడమే పాపం అన్నట్టు మీరు రాశారు. నేనలా అనుకోను. మన విజయనగరం మనిషి సి.వై. చింతామణి అలహాబాదులో 1909లో మొదలైన ‘లీడర్’ పత్రికకు సంపాదకుడిగా పేరు తెచ్చుకున్నారు. ఆ పత్రిక బోర్డుకు మొదట్లో అధ్యక్షుడిగా ఉన్న మోతీలాల్ నెహ్రూతోనే అభిప్రాయభేదాలు వస్తే చింతామణి తన దారి మార్చుకోలేదు. 1919లో ‘ఇండిపెండెంట్’ అని వేరే పత్రిక పెట్టుకుంది మోతీలాలే. అంత మొండి మనిషి 1921లో సంయుక్త రాష్ట్రాల (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 1923లో రాజీనామా చేశారు. తర్వాత మళ్లీ పత్రికకే వచ్చారు. ఆయన విశ్వసనీయతకు భంగం రాలేదు. ఎందుకంటే వెళ్లడం అందరికీ తెలిసే వెళ్లారు, రావడం పదవి వదులుకుని వచ్చారు.

పాత్రికేయుడు కుల్దీప్ నయ్యర్ కథ మీకు తెలిసే ఉంటుంది. లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర ప్రెస్ అధికారిగా పనిచేశారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో శాస్త్రి చనిపోయినప్పుడు అక్కడే ఉన్నారు. తర్వాత పత్రికల్లో పనిచేస్తూ, 1975లో ఎమర్జెన్సీని ఎదిరించి జైలుకెళ్లారు. 1990లో లండన్‌లో భారత హైకమిషనర్, 1997లో రాజ్యసభకు నామినేటెడ్ సభ్యుడు. వారం వారం పద్నాలుగు భాషల్లో వచ్చే ఆయన కాలమ్‌ను జనం ఆ తర్వాత కూడా చదివారు. లోపల పనిచేసిన మనిషి కాబట్టి ఫైలు ఎలా కదులుతుందో ఆయనకు తెలుసు, ఆ తెలివిడి రాతలోకి వచ్చింది. మన తెలుగు సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు గారైతే రాజ్యసభ సభ్యుడిగా ఉంటూనే పత్రిక నడిపారు. ఆ రోజులు వేరు, ఆయన మాట బలం వేరు. ఇవాళ అలా రెండూ కలిపి నడిపితే ఎవరూ ఒప్పుకోరు.

అయితే మీకిస్తామంటున్న పదవి మంత్రి పదవీ కాదు, హైకమిషనర్ పదవీ కాదు. ఇలాంటి సలహాదారులతో ఏం పని చేయించుకుంటారో మీకూ తెలుసు. ప్రసంగాలు రాయడం, ప్రెస్ నోట్లు దిద్దడం, సాయంత్రం టీవీ చర్చలో కూర్చుని సమర్థించడం. నియామక ఉత్తర్వులో విధులు ఏమని రాశారో, ఎవరికి రిపోర్టు చెయ్యాలో, బయట రాయడానికి అనుమతి ఉంటుందో లేదో ముందే అడిగి చదవండి. విద్యో, సాగునీరో, మీకు పట్టున్న ఒక విషయం చేతికిచ్చి పనిచెయ్యమంటే అది నిజమైన పని. "కమ్యూనికేషన్స్" అని మాత్రమే ఉంటే, వాళ్లు కొంటున్నది మీ సలహా కాదు, మీ మౌనం. అది కూడా తెలిసే తీసుకోవచ్చు, ఇంటి అవసరాలు అలాంటివైతే. రెండేళ్ల జీతంతో లోను తీరి, అమ్మాయి చదువు గట్టెక్కుతుందంటే ఆ లెక్క తీసిపారేసేది కాదు. కాకపోతే ప్రభుత్వం మారిన రోజు మీ బల్ల ఖాళీ చేయిస్తారు. అప్పటికి మీకు యాభై ఆరో యాభై ఏడో ఉంటాయి. ఒక పత్రికలో పాత కాలమ్ దొరకవచ్చు, పాత పాఠకుడు దొరకడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. ఈలోపు జీతం మీద కొత్త అప్పులు చెయ్యకుండా ఉంటేనే వెనక్కి రాగలరు.

తీసుకుంటే మాత్రం ఒక పని చెయ్యండి. చేరే ముందు చివరి కాలమ్‌లో చెప్పండి, ఫలానా పదవిలో చేరుతున్నాను, ఇక్కడ రాయడం ఆపుతున్నాను అని. పదవిలో ఉంటూ మారుపేరుతోనో, "విశ్లేషకుడు" అన్న ముసుగుతోనో రాయొద్దు. అలా రాసినవాళ్లు రెంటికీ చెడ్డారు. వద్దనుకుంటే, ఆ మాట మీ స్నేహితుడికి వెంటనే చెప్పండి. నాన్చితే మీరు బేరమాడుతున్నారని అనుకుంటారు. నిరాకరించిన సంగతిని కాలమ్‌లో చాటుకోవద్దు కూడా.

ఈ సందర్భంలో ఇంకో మాట. హైదరాబాద్‌లో ఎంపీలు, ఎమ్మెల్యేలు, జడ్జీలు, అధికారులతోపాటు జర్నలిస్టుల సొసైటీలకు కూడా ఇచ్చిన ఇళ్ల స్థలాల కేటాయింపులను సుప్రీంకోర్టు 2024 నవంబరులో రద్దు చేసింది. ఆ స్థలాల కోసం ఏళ్ల తరబడి డబ్బు కట్టి ఎదురుచూసినవాళ్లలో నిజాయతీపరులు బోలెడుమంది ఉన్నారు, వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ప్రభుత్వం ఇచ్చేదాని మీద ఆధారపడి ఇంటి ప్లాను వేసుకుంటే ఏమవుతుందో అక్కడ చూశాం. మీరు కూడా వేసే లెక్కల్లో ఆ పదవి జీతాన్ని రెండేళ్లకు కాదు, ఏడాదికే వెయ్యండి.

ఇప్పుడు పత్రిక. డెస్కు చేసే దిద్దుబాటుకూ నోరు నొక్కడానికీ తేడా ఉంది. నిడివి కోసం కోస్తారు, పరువునష్టం భయంతో ఆధారం అడుగుతారు, పొరపాటు లెక్క తీసేస్తారు. ఇవన్నీ సంపాదకుడి హక్కు, మీకూ మేలే. మీ ఎత్తిపోతల వాక్యం అలా కోసింది కాదు. అర్థం తిరగబడేలా కోశారు. విమర్శ పోయి మెప్పు మిగిలింది. దాన్ని మీరు ఊరుకోకూడదు. వాట్సాప్‌లో కోపంగా మెసేజీలు పెట్టకుండా, సంపాదకుణ్ని నేరుగా కలవండి. మీరు అడగాల్సింది ఒకటే: ఏదైనా తీసేయాలనుకుంటే ముందు నాకు ఫోన్ చెయ్యండి, ఒప్పుకుంటే మారుస్తాను, ఒప్పుకోకపోతే ఆ వారం వ్యాసం మొత్తం వెనక్కి తీసుకుంటాను, సగం చేసి మాత్రం నా పేరుతో వెయ్యకండి. ఇది చాలా చిన్న కోరిక. దీనికి కూడా ఒప్పుకోకపోతే ఆ స్థలంలో మీరు ఉన్నారన్నది మీ భ్రమ.

సంపాదకుడి మీద కూడా కొంచెం జాలి చూపండి. పత్రిక అమ్మిన ధరతో కాగితం ఖర్చే గిట్టదు, ప్రకటనలతో నడవాలి. అందులో ప్రభుత్వ ప్రకటనల వాటా పెద్దది. 1975 జూన్‌లో సెన్సారు పెట్టినప్పుడు ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయం స్థలాన్ని ఖాళీగా వదిలేసింది. ఎవరు ఆపారో చదివేవాళ్లకు తెలిసింది. ఇప్పుడు సెన్సారు అధికారి ఎవరూ రారు. ప్రకటన ఆగుతుందేమోనన్న భయం చాలు, ఖాళీ కనిపించకుండా చిరుధాన్యాల వ్యాసం వచ్చేస్తుంది. మీ సంపాదకుడు ఆ ఒత్తిడి మీకు చెప్పుకోలేక "స్థలం లేదండీ" అని ఉంటారు. విడిగా కూర్చుంటే నిజం చెబుతారేమో, అడిగి చూడండి. ఆయన చేతిలో ఎంతుందో తెలిస్తే మీకు నిర్ణయం తేలికవుతుంది.

అక్కడే కొనసాగితే ఏం జరగవచ్చు? మీరు ఉద్యోగి కాదు కాబట్టి ఏ వారమైనా ఆపెయ్యవచ్చు. అందుకని ఇప్పుడే కొన్ని పనులు చేసిపెట్టుకోండి. మీరు పంపిన ప్రతి వ్యాసం అసలు ప్రతిని, అచ్చయిన ప్రతిని పక్కపక్కన దాచుకోండి. కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా కాకుండా రాసిన వ్యాసానికి హక్కు రచయితదే, వేరే ఒప్పందం మీద సంతకం పెట్టకపోతే. ఈ పదేళ్ల వ్యాసాలు మీవి. మీరెప్పుడో పెట్టిన సంతకం ఏదైనా ఉందేమో చూసుకుని, పుస్తకంగా వెయ్యడం మొదలుపెట్టండి. కోసిన వాక్యాలు అందులో తిరిగి పెట్టుకోవచ్చు. ఇంకో పత్రికలో నెలకొక వ్యాసం, అది జాతీయ విషయాల మీదైనా సరే, అడిగి పెట్టుకోండి. ఒకే గుమ్మం మీద ఆధారపడినవాడి గొంతు తనకు తెలియకుండానే తగ్గుతుంది.

ఛానెల్ గురించి ఎక్కువ చెప్పను. మీకే మనసు లేదు. ధైర్యం లేక అని మీరనుకుంటున్నారు, నాకది వివేకంలా కనిపిస్తోంది. పత్రికలో ఒక మాట రాస్తే వెనక సంపాదకుడు, ప్రచురణకర్త, లాయరు ఉంటారు. సొంత ఛానెల్‌లో పరువునష్టం కేసు పడితే, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ల వరకు శిక్ష, కోర్టు మెట్లెక్కేది మీరిద్దరే. ప్రజాసేవకుల అధికారిక ప్రవర్తన మీద సద్భావంతో చెప్పిన అభిప్రాయానికి చట్టంలో మినహాయింపు ఉంది. కానీ దాన్ని నిరూపించుకునే దాకా వాయిదాలు తిరగాలి. పైగా వ్యూస్ కోసం థంబ్‌నెయిల్ మీద అరిచే భాష మీది కాదు. ఎప్పుడైనా మొదలుపెట్టాలనిపిస్తే డబ్బు ఎవరు పెడుతున్నారో మొదటి రోజే అడగండి. "ఒక మిత్రుడు" అని జవాబొస్తే ఆ మిత్రుడి పేరు తెలిసేదాకా కెమెరా ముందు కూర్చోకండి.

మీ శ్రీమతి అడిగిన దానికి జవాబు తోచలేదన్నారు. ఆమె అడిగింది దేశం ఏం మారిందని కాదేమో. ఇన్నేళ్లుగా నెలాఖరును ఒంటి చేత్తో లాక్కొచ్చిన మనిషి ఆమె. ఈ పదవి సంగతి ఆమెతో డబ్బు లెక్కలతో సహా మాట్లాడండి. లోను ఎంత మిగిలింది, అమ్మాయి ఎంఎస్‌కు విద్యారుణం ఎంత వస్తుంది, ఒక ఏడాది ఆగి ఉద్యోగం చేసి వెళ్లడానికి ఆ పిల్ల ఒప్పుకుంటుందా. వద్దనుకుంటే ఆ వద్దులో ఆమెకూ భాగం ఉండాలి. మీ విలువల కోసం ఆమె జీతం ఖర్చవుతోంది మరి.

చివరికి స్నేహితుడు. ఇది మీరు అడగలేదు, కానీ అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఇదే. పదవి వద్దన్నాక కూడా ఇసుక గురించి రాయకపోతే ఆ బాకీ అలాగే ఉంటుంది. రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఆ నియోజకవర్గం గురించి నేను రాయను, అక్కడి ఎమ్మెల్యే నా బాల్యమిత్రుడు, మా కుటుంబం ఆయనకు రుణపడి ఉంది అని ఒకసారి అచ్చులో చెప్పేయడం. ఇందులో చిన్నతనం లేదు. ఏ విషయంలో మీ మాట మీద ఆధారపడకూడదో పాఠకుడికి తెలుస్తుంది, మిగతావాటిలో ఇంకా ఎక్కువ నమ్ముతాడు. రెండోది, అదే సంగతి మొదటి పేరాలో చెప్పి మరీ రాయడం. ఇది కష్టం. స్నేహం చెడిపోవచ్చు. వాళ్లింటి నుంచి పెళ్లిపిలుపులు ఆగిపోవచ్చు. మీరు ఈ రెండోది ఎంచుకుంటే, ఆ వ్యాసం ఆయన పేపర్లో చూసి తెలుసుకోకూడదు. ముందు రోజే వెళ్లి, "ఒరేయ్, రేపు ఇది వస్తుంది, నీ జవాబు కూడా వేస్తాను, చెప్పు" అని అడగండి. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు వెయ్యండి. తండ్రికి కట్టిన డబ్బు ఇప్పటికీ తిరిగి ఇవ్వకపోయి ఉంటే, అది కూడా తీసుకెళ్లండి. తీసుకోకపోవచ్చు. అయినా తీసుకెళ్లండి.

సంపాదకుణ్ని కలిశాక ఏమన్నారో రాయండి. పదవి ఉత్తర్వు ముసాయిదా చేతికొస్తే, పేర్లు కొట్టేసి ఒక ప్రతి పంపండి, కలిసి చదువుదాం.